విచారణ కిటికీకి సెలవు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు. కారు తాళాలు వేలికి తగిలించి గిరగిరా తిప్పుతున్న పళ్ళ డాక్టరు. వెనక సీట్లో కిటికీ పక్క చోటు తనదేనని ముందురోజు నుంచీ చాటుతున్న ఆయన తల్లి. ఇంట్లో మాటామాటా పెరిగితే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునే కూతురు. నాలుగో మనిషి డాక్టరు భార్య. ఆవిడ బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుంటుంది. ఏ ఊరికి ఏ బస్సు, ఏ దారి బాగుంది, ఏ దారి తవ్వేశారు, పొద్దస్తమానం చెప్పడమే ఆవిడ ఉద్యోగం. మొగుడిది నోళ్ళు తెరిపించే వృత్తి, పెళ్ళానిది నోరు మూయని వృత్తి అని వీధిలో నవ్వుకునేవారు.

ఆ రోజు ప్రయాణం కొండ మీది జైన ఆలయానికి. అంతా పాలరాయేనట, లోపల అడుగు పెడితే ప్రాణం చల్లబడుతుందట. పన్ను పీకించుకోవడానికి ముందు ఎవరో పేషెంటు చెప్పాడు. మధ్యాహ్నానికి తలుపులు మూసేస్తారని, తొందరగా వెళ్ళమని కూడా చెప్పాడు.

"ఇవాళ నేను నడుపుతానండీ," అంది ఆవిడ.

లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. పాపం, అది ఇప్పటిదాకా బీరువా దాటి లోకం చూడలేదు.

"నువ్వా? స్టీరింగు పట్టుకుంటే నోరు ఆగదు, నోరు ఆగితే నీకు ఊపిరాడదు," అన్నాడు డాక్టరు. "ముందు ఆ నోరు అదుపులో పెట్టుకో. కారు సంగతి తర్వాత చూద్దాం."

"పెట్టుకుంటే?"

"గుళ్ళో దేవుణ్ణి చూసేదాకా ఒక్క మాట మాట్లాడకు. తిరిగొచ్చేటప్పుడు తాళాలు నీవే. మాట్లాడావా, జన్మలో మళ్ళీ కారు ఊసెత్తకూడదు. సైగలు చేసినా మాట్లాడినట్టే లెక్క."

"సైగలు కూడానా? మరీ ఉరితాడురా!" అంది అత్తగారు.

కోడలు ఒక్కసారి మొగుడి వంక చూసింది. పెదవులు బిగించి, వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. బస్టాండులో వందమంది డ్రైవర్లు ఆవిడను అడిగి బండి కదిలిస్తారు. ఇంట్లో ఒక్క డ్రైవరు మాత్రం ఆవిడను మనిషి లెక్కలో వేయడు. ఇవాళ పళ్ళూడినా నోరు తెరవకూడదనుకుంది.

ఊరు దాటగానే రోడ్డు రెండుగా చీలింది. డాక్టరు అలవాటు కొద్దీ "ఎడమా, కుడా?" అన్నాడు.

ఎడమవైపు వంతెన కూలి పది రోజులైంది. ఆ ముక్క కిటికీలోంచి చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందు అద్దం మీద పాకుతున్న చీమను శ్రద్ధగా చూస్తూ కూర్చుంది.

"అవసరం లేదులే, నాకు తెలుసు," అంటూ డాక్టరు ఎడమకు తిప్పాడు.

వంతెన ఉండాల్సిన చోట గాలి ఉంది. అడ్డంగా పెట్టిన డ్రమ్ముల ముందు కారు ఆగింది.

"నీకు ముందే తెలుసు కదూ?" అన్నాడు డాక్టరు.

ఆవిడ చీమను చూసింది.

"తెలిసే ఉంటుందిరా," అంది వెనకనుంచి తల్లి. "దేవుడిచ్చిన మైకుకు నువ్వే కదా తీగ పీకేశావు!"

వెనక్కి తిరిగి, తెలియని ఒక సందులో దూరి, అక్కడినుంచి ఇంకా తెలియని ఇంకో సందులోకి వచ్చారు. చివరికి ఒక పంక్చర్ల కొట్టు దగ్గర డాక్టరు కారు ఆపి, కొండకు దారి ఎటని అడిగాడు. కొట్టువాడు వంగి లోపలికి చూశాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"అమ్మా! బస్టాండు అమ్మగారు కదూ! మిమ్మల్ని పక్కన పెట్టుకుని ఈయన నన్నడుగుతాడేంటి?"

అమ్మగారు పలకలేదు.

"ఏమ్మా, నామీద కోపమా?"

"ఆవిడ మాట్లాడదు," అన్నాడు డాక్టరు.

"మాట్లాడదా? నిన్న సాయంత్రం కూడా మా చెల్లెలికి బస్సు చెప్పిందే! ఇంతలోకే ఏమైందండీ? మీరేం చేస్తుంటారు?"

"పళ్ళ డాక్టర్ని."

కొట్టువాడి చేతిలోని ట్యూబు జారి నీళ్ళ తొట్టిలో పడింది. "ఓరి దేవుడో! ఇంట్లో మనిషి మీదే చెయ్యి చేసుకున్నారన్నమాట!"

క్షణంలో నలుగురు పోగయ్యారు. నలుగురు పదిమందయ్యారు. పన్ను పీకబోయి నాలుక నరం కోశాడట అన్నాడొకడు. నరం కాదు, మత్తుమందు ఎక్కువైందట, ఇక మాట రాదట అంది ఇంకొకామె. ఒక పెద్దాయన అక్కడికక్కడే ఫోను తీసి, "ఒరేయ్ బావా, రేపు ఆ డాక్టరు దగ్గరికి పోకు. నొప్పి ఓర్చుకో, మాటైనా మిగుల్తుంది," అని అరిచాడు.

డాక్టరుకు చెమటలు పట్టాయి. కారులోకి తల దూర్చి, పేషెంటును బతిమాలినట్టు, "నోరు తెరువు... కొంచెం... ఏం కాదు, ఒక్క నిమిషం," అన్నాడు.

అది విని జనం "చూశారా, చూశారా!" అన్నారు.

ఆవిడకు లోపల నవ్వు పొంగుతోంది. మొగుడి మీద జాలీ వేసింది. ఒక్క మాటంటే ఇదంతా తేలిపోతుంది. ఆ ఒక్క మాటతోనే తాళాలూ పోతాయి. పెదవులు ఇంకా బిగించింది. అది నొప్పనుకుని ఇంకొకామె కళ్ళొత్తుకుంది.

ఇక లాభం లేదని కూతురు పుస్తకం దించింది. "మా అమ్మకేం కాలేదు. నాన్నే పందెం కట్టి మాట్లాడొద్దన్నాడు," అంది.

జనానికి ఇది మరీ నచ్చలేదు. కోసినా బాగుండేదన్నట్టు డాక్టరును చూశారు. కొట్టువాడు దారి చెప్పాడు గానీ, ఆవిడకు దణ్ణం పెట్టి మరీ చెప్పాడు.

ఆలయం చేరేసరికి తలుపులు మూసే వేళయింది. అత్తగారూ మనవరాలూ గబగబా లోపలికి నడిచారు. డాక్టరు గడప దగ్గరికి రాగానే కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తోలు వస్తువులు లోపలికి తేకూడదండీ. బెల్టు, పర్సు, అన్నీ తీసెయ్యండి. ఆ తాళాల కవరు కూడా."

డాక్టరు అన్నీ తీసి, కవరులోని తాళాలతో సహా వాడి చేతిలో పెట్టాడు. బెల్టు పోగానే ప్యాంటు కూడా వెళ్ళొస్తానంది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని గడప దాటాడు. కాపలాదారు ఆవిడ వైపు తిరిగాడు.

"మీ సంచి తోలుదా, రెగ్జినా అమ్మా?"

ఆవిడ మాట్లాడలేదు.

"చెప్పమ్మా, వేళ మించిపోతోంది. చెప్పకపోతే లోపలికి పంపలేను."

లోపల డాక్టరు మొహం వికసించింది. "చెప్పవే! పాపం, అడుగుతున్నాడుగా!"

చెబితే పందెం పోతుంది. చెప్పకపోతే దర్శనం పోతుంది. ఆవిడ మునివేళ్ళ మీద లేచి, కాపలాదారు భుజం మీదుగా లోపలికి చూసింది. పాలరాతి స్తంభాల చివర, తెల్లని వెలుగులో, దేవుడు ఉన్నాడు. ఆవిడ రెండు చేతులూ జోడించి, తీరిగ్గా ఒక దణ్ణం పెట్టుకుంది.

"తోలుదే నాయనా," అంది తర్వాత. "ఆ బెల్టూ పర్సూ తాళాలూ ఇలా ఇవ్వు. మావే."

"ఏయ్! పందెం ఓడిపోయావ్!" డాక్టరు రెండు చేతులూ ఎత్తబోయి, ఒకటే ఎత్తాడు. "దేవుణ్ణి చూడకుండానే మాట్లాడావ్!"

"చూశానండీ. హాయిగా కూర్చున్నాడు, నోరు మూసుకుని. మీరు నిదానంగా చూసి రండి. నేను కారు తిప్పి ఉంచుతాను."

వేళయింది, లోపలున్నవాళ్ళు పక్క తలుపున వస్తారంటూ కాపలాదారు తాళాలతో సహా అన్నీ ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడ మొహం మీదే తలుపు వేసేశాడు. మొహం మీద తలుపు వేస్తే అంత మురిసిపోయిన భక్తురాలిని అతను తన ఉద్యోగంలో చూసి ఎరగడు.