ఆపవద్దన్న స్విచ్చి

ఆదివారం పొద్దున్నే సర్వరుగారు తన సొంత క్లౌడ్‌లో చెత్త ఊడ్చేద్దామని కూర్చున్నాడు. ఆయన ఏ హోటల్లోనూ పనిచెయ్యడు, నెట్‌వర్క్ ఇంజనీరు. ఇంటిల్లిపాది ఫోటోలూ ముక్కూమొహం తెలియని కంపెనీ చేతిలో ఎందుకని, పాత కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి, దాన్నే సర్వరు చేసి, బట్టల గదిలో ఓ మూల పెట్టి, రాత్రీపగలూ నడిపిస్తున్నాడు. అది చూసి ఓడలో ఇంజనీరుగా చేసే బావమరిది పెట్టిన పేరది.

ఇంట్లో ఫోన్లలోనూ, బావమరిది ల్యాప్‌టాప్‌లోనూ, అన్నిట్లో అవే ఫైళ్ళుండాలి. "ఒకచోట మారిస్తే చాలు, అన్నిచోట్లా మారిపోతుంది!" అని లేని మీసం మెలేసేవాడు. ఆయన బెంగల్లా భార్య చెయ్యే. వాళ్ళ నాన్న పెంపకం అలాంటిది మరి. ఖాళీ గదిలో ఏది వెలుగుతున్నా ఆ చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోతుంది. అందుకే కంప్యూటరు స్విచ్చి మీద "ఆపవద్దు" అని కాగితం అంటించాడు.

ఊడుస్తూ ఊడుస్తూ, పేరుకి బదులు ఏవో అంకెలున్న పాత ఆడియో ఒకటి కనిపిస్తే తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి చేతులు దులుపుకున్నాడు.

"ఏమండీ, నాన్న గొంతు కనబడట్లేదేంటి?" అంది భార్య, తన ఫోన్ చూసుకుంటూ.

పోయినేడు చనిపోయిన మామగారి గొంతు మిగిలింది ఆ ఒక్క ముక్కలోనే. అది వినందే ఆవిడకు తెల్లారదు. తను తీసేసింది అదేనని సర్వరుగారు ఒప్పుకున్నాడు.

"బ్యాకప్ ఉంటుందిగా?" అంది ఆవిడ.

"రేపు పెడదామనుకున్నా..."

ఆవిడ అరవలేదు. "నాన్న రెండోసారి పోయారండీ," అని కళ్ళు తుడుచుకోడానికి చేతిరుమాలు కోసం బట్టల గదిలోకి వెళ్ళింది. నాలుగు తిట్టినా బాగుండేది అనుకున్నాడాయన.

అప్పుడు తట్టింది. నడిసముద్రంలో బావమరిది ల్యాప్‌టాప్‌లో అది ఇంకా ఉండాలి! ఓడలో ఇంటర్నెట్ శాటిలైట్ దయ, రోజుకి కాసేపే ఇస్తారు. కానీ కనెక్టయిన మరుక్షణం అక్కడా చెరిగిపోతుంది. కనెక్టవ్వొద్దని మెసేజ్ పెడదామా అంటే, అది చదవడానికి వాడు కనెక్టవ్వాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కంగారులో ఓడ కంపెనీ ఆఫీసుకి ఫోన్ కొట్టాడు.

"మా బావమరిదిని ఇంటర్నెట్ ముట్టుకోనివ్వకండి! ప్రాణం మీదికొచ్చింది!"

"ఎవరి ప్రాణమండీ?"

"మా మామగారిది."

"ఇప్పుడాయన ఎలా ఉన్నారు?"

"పోయారు."

అవతలివాళ్ళు అదంతా రాసుకున్నారు. తర్వాత ఆ కబురు శాటిలైటెక్కి కెప్టెన్ని చేరింది. ఇదేదో కొంప మునిగే వ్యవహారమేనని ఆయన ఓడ మొత్తానికీ ఇంటర్నెట్ కట్ చేయించాడు. సాయంత్రానికి కెప్టెన్‌గారి శాటిలైట్ ఫోన్లోంచి బావమరిది విరుచుకుపడ్డాడు.

"ఏం చేశావ్ బావా? ఒక్కళ్ళూ ఇంటికి మాట్లాడుకోలేక, ఓడ ఓడంతా నన్ను కొరుక్కు తినేట్టు చూస్తోంది!"

"నువ్వు కనెక్టయ్యావా? అది చెప్పు ముందు!"

"కట్ చెయ్యకముందే, మధ్యాహ్నం అయ్యాను. నీ క్లౌడే దొరకలేదు. ఆపేశావేంటి?"

సర్వరుగారు బట్టల గదిలోకి పరుగెత్తాడు. కంప్యూటరు చల్లగా ఉంది. "ఆపవద్దు" కాగితం కింద స్విచ్చి ఆపేసి ఉంది. ఈ మాత్రం ఆలోచన తనకెందుకు రాలేదా అని అక్కడే నిలబడిపోయాడు.

"అయ్యో, రుమాలు కోసం వెళ్ళినప్పుడు నేనే ఆపేసుంటానండీ. గదిలో ఎవరూ లేరు కదా అని..." అని నొచ్చుకుంటూ భార్య ఫోన్ లాక్కుంది. "ఒరేయ్, నాన్న ఉన్నార్రా?"

"ఉన్నారక్కా. ఇదిగో, విను."

గరగరల మధ్య, సముద్రం అవతల్నుంచి ఓ ముసలి గొంతు విసుక్కుంది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఎవరూ లేని గదిలో ఆ లైటెందుకు? కట్టెయ్ తల్లీ, కట్టెయ్."

ఆవిడ ఏడుస్తూ నవ్వింది. సర్వరుగారు వెళ్ళి ఆ కాగితం తనే పీకి, ఉండచుట్టి పారేశాడు.

బ్యాకప్ మాత్రం రేపు పెడతానన్నాడు.