స్నోర్‌గారి బిస్కెట్లు

దాంపత్యాలను నిలబెట్టేది ప్రేమ కాదు, పిల్లలు కాదు, అలవాటు అంతకన్నా కాదు. ఇంట్లో చేసిన కుక్క బిస్కెట్లు!

నవ్వకండి. మా ఊరు వీన్‌డాంలో ఏ ఇంటి కిటికీలోంచైనా తొంగిచూడండి. తెరలు వేసుకునే అలవాటు మాకు ఎలాగూ లేదు, కాబట్టి తేలికే. ప్రతి వంటింట్లోనూ ఎవరో ఒకరు చేతులకు పిండి అంటించుకుని కనిపిస్తారు. ఆ పిండి ఎవరి కోసం? మొగుడి కోసమా? పిల్లల కోసమా? మీరు అంత అమాయకులు కారని నాకు తెలుసు.

మా ఇంట్లో ఈ శుభకార్యం రెండేళ్ల కిందట చలికాలంలో మొదలైంది. నా భార్య ఫ్రౌకె ఒక వీడియో చూసింది. అందులో ఒకావిడ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ "మూడే వస్తువులు, పది నిమిషాల పని!" అంటుంది. ఓట్స్, బాగా మగ్గిన అరటిపండు, పీనట్ బటర్. కలపాలి, అచ్చుతో కోయాలి, ఓవెన్‌లో పెట్టాలి. అంతే!

నిజంగా పది నిమిషాలే. ఆ తర్వాత గిన్నెలు కడగడానికి గంట పడుతుందనుకోండి, అది వంట కిందకి రాదు. పైగా ఆ గిన్నెలు కడిగేది నేను.

స్నోర్ అంటే మా కుక్క. మా భాషలో స్నోర్ అంటే మీసం, వాడికి మీసాలున్నాయని ఆ పేరు. కొన్నాళ్లకు స్నోర్‌కు అరటిపండు మొహం మొత్తింది. గుమ్మడికాయ వచ్చింది. అది వాడి కడుపుకు పడలేదని క్యారెట్ వచ్చింది. ఇప్పుడు బుధవారం బుధవారం కోడి కాలేయం ఉడుకుతోంది. నా కోటు నిండా ఆ వాసనే! లైబ్రరీలో నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరు, హాయిగా చదువుకుంటాను. వీధిలో నడుస్తుంటే పరాయి కుక్కలు నా వెంటపడతాయి. ఈ వయసులో నా వెంటపడేవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి!

ఇక ఆరోగ్యం మాటకొద్దాం. స్నోర్ బిస్కెట్‌లో చక్కెర ఉండదు, ఉప్పు ఉండదు, రంగు ఉండదు. నేను తాగే సూపు ప్యాకెట్ మీద ఏం రాశారో చదవాలంటే కళ్లజోడు చాలదు, భూతద్దం కావాలి.

"షాపులో కొన్నవి కుక్కకి పెట్టకూడదు హార్మ్. వాటిలో ఏమేం కలుపుతారో ఏమో!" అంటుంది ఫ్రౌకె, నా కోసం ఆ ప్యాకెట్టే చింపుతూ.

పక్కింటి రూలోఫ్ మరీ అదృష్టవంతుడు. గోధుమ తింటే కడుపు ఉబ్బుతుందని పెళ్లయినప్పటి నుంచీ మొత్తుకుంటున్నాడు, ఎవరూ చెవిన పెట్టలేదు. కిందటేడాది వాళ్ల కుక్కకు గోధుమ పడదని డాక్టర్ చెప్పాడు. ఇంకేం, మర్నాటి నుంచే ఇంట్లో బార్లీ పిండి! కుక్క తినగా మిగిలిన బిస్కెట్లు రూలోఫ్ తింటాడు. కడుపు తగ్గింది. మనిషిలో కళ వచ్చింది.

ఒకప్పుడు నా పుట్టినరోజుకు ఫ్రౌకె ఆపిల్ కేకు చేసేది. దాల్చినచెక్క వాసన మేడమీద దాకా వచ్చి నన్ను లేపేది. ఈ రెండేళ్లుగా షాపు కేకే. ఓవెన్ ఖాళీ ఉండాలి కదా! నేను కిమ్మనలేదు. అడిగి చేయించుకుంటే అది కానుక ఎలా అవుతుంది? పైగా కుక్కతో పోటీ పడేంతగా నేనింకా దిగజారలేదు. కానీ ఈ నెలలో నాకు అరవై నిండుతున్నాయని తెలిసి లోలోపల ఆశపడ్డాను. ఆశపడటానికి పైసా ఖర్చవదు.

ఆ రోజు పొద్దున ఇంట్లో దాల్చినచెక్క వాసన రాలేదు. మధ్యాహ్నం హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశాం. చుట్టాలూ పక్కాలూ వచ్చి, మా వైపు ఆచారం ప్రకారం నాకే కాక ఇంటిల్లిపాదికీ అభినందనలు చెప్పారు. రూలోఫ్ ఏ పనీ సగంలో వదలడు. వంగి స్నోర్ ముందుకాలు పట్టుకుని ఊపాడు.

"మీ నాన్న పుట్టినరోజుకి అభినందనలు రా అబ్బాయ్!" అన్నాడు.

ఫ్రౌకె కేకు తేవడానికి షాపుకెళ్లింది. ఈలోగా కాఫీ చల్లారిపోతుందని అలమరలోంచి బిస్కెట్ల డబ్బా నేనే తీశాను. మా వైపు కాఫీతో మనిషికి ఒక్క బిస్కెట్. చుట్టూ తిప్పగానే మూత పడిపోతుంది. రెండోది అడిగినవాణ్ణి చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటాం.

మూత తీసి అలాగే నిలబడిపోయాను. ఇంట్లో చేసిన బిస్కెట్లు! అంచులు కాస్త మాడినవి, మధ్యలో వేలిముద్రలు పడినవి. అన్నీ హృదయం ఆకారంలో ఉన్నాయి!

కళ్లు చెమర్చాయండి, దాచను. రెండేళ్లుగా ఆ ఇల్లాలిని ఎంత అపార్థం చేసుకున్నాను! ఒక్కొక్కరి ముందూ వంగి, "ఫ్రౌకె చేసింది, నా కోసం" అని చెప్పి మరీ పంచాను. స్నోర్ నా కాళ్లకు అడ్డం పడుతూ కుయ్యో కుయ్యో అన్నాడు. ఇంట్లో పండగ కదా, వాడికీ సంతోషం కాబోలు అనుకున్నాను.

రూలోఫ్ నిదానంగా నమిలాడు. "ఉప్పు చాల్లేదు. కానీ మా ఇంట్లో వాటికంటే చాలా నయం" అన్నాడు.

మా అక్క హిల్లీ తన వాటా తినేసి, మూత పడిన డబ్బా వైపు చూసింది. "ఒరేయ్ హార్మ్, ఇంకోటి ఇటు పెట్టరా" అంది.

అందరి తలలూ అక్క వైపు తిరిగాయి. అందరి ముందు, పట్టపగలు, రెండో బిస్కెట్! నా భార్య చేతివంటకు ఇంతకన్నా ఏ సత్కారం కావాలి? గర్వంగా మూత మళ్లీ తీశాను. సరిగ్గా అప్పుడే ఫ్రౌకె కేకు పెట్టెతో లోపలికొచ్చింది.

"అయ్యయ్యో! అవి వాడివి!"

"ఎవరివే?" అంది అక్క.

"స్నోర్‌వి వదినా! వారానికి సరిపడా చేసి పెట్టుకున్నాను. ఇప్పుడు వాడేం తింటాడు పాపం?"

నేను పప్పులో కాలేశానని అందరికీ ఒకేసారి అర్థమైంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎముక ఆకారం అచ్చు విరిగిపోయిందట, అందుకని హృదయాలు చేసిందట.

"ముందే చెప్పానుగా, మా ఇంట్లో వాటికంటే బాగున్నాయని" అన్నాడు రూలోఫ్ ధీమాగా.

"ఎవరివైతే ఏంటే! ఈ ఇంట్లో చేత్తో చేసింది తిని ఎన్నాళ్లయింది" అని అక్క రెండోది కూడా తీసుకుంది. షాపు కేకు ఎవరూ ముట్టలేదు.

అందరూ వెళ్లాక ఫ్రౌకె మళ్లీ ఓట్స్ డబ్బా దించింది. నేను పేపర్ తెరిచాను. ఎంత వద్దనుకున్నా మనసు ఊరుకోలేదు. పేపర్ వెనకనుంచే అడిగాను.

"ఫ్రౌకె, వాడిలో ఏముంది, నాలో లేనిది?"

"చెప్పమంటావా?" అంది పిండి కలుపుతూ. "నేను పనిలోంచి వస్తే వాడు తలుపు దాకా పరిగెత్తుకొస్తాడు. ఏదైనా చెప్తే చెవులు నిక్కబొడుచుకుని వింటాడు. నేను వంటింట్లో ఉంటే నా వెనకే తిరుగుతాడు. నువ్వా పేపర్లోంచి తల ఎత్తి నా మొహం చూసి ఎన్నాళ్లయిందయ్యా?"

ఇందులో నా తప్పేముంది? పేపర్ రోజూ వస్తుంది, చదవాలి కదా! అయినా నేను మొండివాణ్ణి కాను. ఆపిల్ కేకు దక్కే దారి ఏదో తెలిసిపోయాక ఒకసారి ప్రయత్నించి చూస్తే పోయేదేముంది?

మర్నాడు సాయంత్రం వాకిట్లో సైకిల్ ఆపిన చప్పుడైంది. పేపర్ పక్కన పడేశాను. లేచి పరుగెత్తాను. వసారాలో స్నోర్‌ను మోకాలితో పక్కకు నెట్టాను. తలుపు తీసి, మొహం నిండా నవ్వుతో ఫ్రౌకెకు ఎదురెళ్లి నిలబడ్డాను.

నన్ను చూడగానే ఆమె మొహం పాలిపోయింది. చేతిలో సంచి జారి నేలమీద పడింది.

"ఏమైంది హార్మ్?" అంది. "ఎవరు పోయారు?"