శనివారం అలర్జీ

హలో... హలో, వినపడుతోందా? వెనక టీవీ కాస్త తగ్గించండమ్మా ఎవరో. ఆఁ, ఇప్పుడు బాగుంది. అందరికీ నమస్కారం. విండ్సర్ నుంచి మీ అంకుల్‌ని. రెండు నిమిషాలంటాను, ఎప్పట్లాగే పది పడుతుంది. టీ కప్పు దగ్గర పెట్టుకోండి.

కెనడా మనకిచ్చిన గొప్ప వరం ఏమిటో చెప్పండి చూద్దాం. పీఆర్ కార్డా? హెల్త్ కార్డా? మంచి గాలా? కాదు. అలర్జీ!

నవ్వకండి. నేను ఇంటర్ తప్పినవాణ్ణి, కార్ల ప్లాంట్‌లో సీట్లు బిగించేవాణ్ణి. నాకొచ్చిన ఇంగ్లీషు మొత్తం అరచేతిలో రాసుకోవచ్చు. అందులో ఇంత పని చేసిపెట్టే మాట ఇంకోటి లేదు. 'ప్లీజ్' కూడా దీని ముందు దండగే.

వచ్చిన కొత్తలో ఒక హోటల్లో, ఇవాళ శనివారం, గుడ్డు తినను అని చెప్పాను. ఆ సర్వరు గోడ మీద క్యాలెండర్ వంక చూశాడు. నిన్న తిన్నారా అన్నాడు. తిన్నాను. రేపు తింటారా అన్నాడు. తింటాను. మరి ఇవాళ కోడికేమొచ్చింది అన్నట్టు చూసి, గుడ్డు వేసిన ఫ్రైడ్ రైసే తెచ్చాడు. ఏడుకొండలవాడి మొక్కు ఆ ప్లేటు ముందు ఆకలితో కూర్చుంది.

అప్పుడు జనార్ధనరావు గారు నాకు ఉపదేశం చేశారు. ఆయన రిటైర్డ్ డాక్టరు. నలభై ఏళ్ళు రోగాలు తగ్గించి, రిటైరయ్యాక పంచడం మొదలుపెట్టారు. "ఇక్కడ దేవుడు, మొక్కు అంటే ఎవడికి ఎక్కుతుందయ్యా? అలర్జీ అను. వంటవాడే పరిగెత్తుకొస్తాడు" అన్నారు.

నిజంగానే పరిగెత్తుకొచ్చాడు!

ఇంక చూడండి, మా బ్యాచ్‌లో ఆరోగ్యవంతుడన్నవాడు మిగల్లేదు. మా ఆవిడ కనకదుర్గకి గుడ్డు అలర్జీ. కేకులో ఉన్న గుడ్డు మాత్రం ఆవిడ ఒంటికి చుట్టం, ఏమీ చెయ్యదు. రాఘవులుకి కార్తీకమాసం నెల్లాళ్ళూ ఉల్లిపాయ అలర్జీ, పోలిస్వర్గం సాయంత్రానికి పూర్తిగా నయమైపోతుంది. త్యాగరాజుకి మంచినీళ్ళలో ఐసు అలర్జీ. వాష్‌రూమ్ పక్కన టేబుల్ కూడా అలర్జీయే. తిథి, వారం చూసుకొని వచ్చి, పంచాంగం ప్రకారం తగ్గిపోయే జబ్బుని ప్రపంచంలో ఇంకెవరు కనిపెట్టగలిగారు? మనం గర్వపడొద్దా?

ఈ విజ్ఞానం పరాకాష్ఠకి చేరింది రోహానా గారి మలేషియా హోటల్లో. లాండ్రీకీ టైర్ల షాపుకీ మధ్య చిన్నది, ఎనిమిది టేబుళ్ళు. రోటీ చనాయ్ అని, పొరలు పొరలుగా మన పరోటాకి అక్కచెల్లెలు వరస, పప్పులో ముంచుకు తినాలి. నసీ లెమాక్ అని కొబ్బరిపాల అన్నం. దాని చుట్టూ వేయించిన నెత్తళ్ళ చేపలు, పల్లీలు, ఉడికిన గుడ్డు, సంబల్ అనే ఎర్రకారం. ఆ కారంలో ఎండురొయ్యల ముద్ద. అంటే శనివారం నాడు ఆ ప్లేటులో మనకి మిగిలేది కొబ్బరన్నం, నాలుగు పల్లీలు!

శనివారం శనివారం పన్నెండుమందిమి వెళ్ళేవాళ్ళం. పదకొండు అలర్జీలు. పన్నెండోవాడు కార్ పార్క్ చేసి ఆలస్యంగా వచ్చి, "నాకేం జబ్బు చెప్పారు?" అని అడిగేవాడు. రోహానా గారు నోట్‌ప్యాడ్ మీద అన్నీ రాసుకునేది. పొయ్యి ఆపేది. మూకుడు మళ్ళీ కడిగేది, గ్లవ్స్ మార్చేది, గరిటె విడిగా పెట్టేది. రొయ్యలు లేకుండా మాకని వేరే సంబల్ నూరేది. పక్క టేబుళ్ళవాళ్ళు అరగంట ఆగేవారు. ఎంత సీరియస్ అని ఆవిడ అడిగితే, జనార్ధనరావు గారు కళ్ళజోడు సర్దుకొని "డైరెక్ట్ హాస్పిటల్" అనేవారు. డాక్టరు కదా, నమ్మింది.

ఒక ఆదివారం డెట్రాయిట్ నుంచి చుట్టాలొస్తే వాళ్ళనీ అక్కడికే తీసుకెళ్ళాం. రాఘవులు రెండు గుడ్లు ఎక్స్‌ట్రా చెప్పాడు. డాక్టరు గారు నెత్తళ్ళు ఇంకాస్త వెయ్యమన్నారు. రోహానా గారు పెన్ను పట్టుకొని మా మొహాలే చూసింది. మన జబ్బుకి ఆదివారం సెలవని పాపం ఆవిడకేం తెలుసు?

ఆ తర్వాత శనివారం నుంచి నోట్‌ప్యాడ్ తేవడం మానేసింది. మేం చెబుతుంటే తల ఊపేది. గుడ్డు వేసేది కాదు కానీ, మూకుడు కడిగిన చప్పుడు మాత్రం వినపడేది కాదు. సర్వీసు తగ్గిపోయిందని మేం గ్రూపులో బాధపడ్డాం కూడా.

ఈ సెప్టెంబర్‌లో మా ఆవిడ చెల్లెలి కూతురు వర్ష ఇక్కడ యూనివర్సిటీకి వచ్చింది. పోయిన వారం శనివారం దాన్నీ తీసుకెళ్ళాం. ఎప్పట్లాగే మా జబ్బులు రైతుబజార్లో కూరగాయల్లా ఒకరి తర్వాత ఒకరం అరిచి చెప్పాం. అందరి తర్వాత వర్ష మెల్లగా, "నాకు పీనట్స్ వద్దండీ. అలర్జీ" అంది.

రోహానా గారు నవ్వింది. "శనివారమేనా?" అని అడిగింది.

మేమందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను.

ప్లేట్లొచ్చాయి. వేయించిన టోఫూ అనే సోయా పనీర్ ముక్కలు, పైన గోధుమరంగు గుజ్జు. వర్ష స్పూన్ ఎత్తి, నోటిదాకా తెచ్చి, వాసన చూసి ఆగింది.

"పెద్దమ్మా, ఇందులో పల్లీలున్నాయా?"

మా ఆవిడ తన ప్లేటులోది నాకి చూసింది. "ఆఁ, పల్లీలేనే. బాగుంది, తిను."

చెల్లెలు ఫోన్లో ముందే చెప్పిందట మా ఆవిడకి. ఈవిడేమో అదీ మన అలర్జీ లాంటిదే అనుకుందట.

వర్ష స్పూన్ దించేసింది. బ్యాగులోంచి లావుపాటి పెన్ను లాంటిదొకటి తీసి టేబుల్ మీద పెట్టింది. ఇంజెక్షన్. "తింటే నాకు గొంతు మూసుకుపోతుంది పెద్దమ్మా. అంబులెన్స్ వచ్చేలోపు ఇది తొడలో గుచ్చాలి. నా వల్ల కాకపోతే మీలో ఎవరైనా గుచ్చాలి" అంది.

పదకొండు అలర్జీలున్న టేబుల్ మీద అలాంటి వస్తువు కనపడడం అదే మొదటిసారి. త్యాగరాజు మంచినీళ్ళు తాగాడు, ఐసుతో సహా.

కౌంటర్ దగ్గర్నుంచి రోహానా గారు అది చూసింది. వచ్చి వర్ష ముందున్న ప్లేటు లాక్కొని, కుర్చీలో కూలబడింది.

"ఇది నిజమా?"

"నిజమే ఆంటీ."

అప్పుడు నా వైపు తిరిగింది. "మరి మీది?"

నా దగ్గర ఇంక ఇంగ్లీషు మిగల్లేదు. "శాటర్‌డే. గాడ్. ప్రామిస్" అన్నాను.

ఆవిడ ఇంగ్లీషులో అన్నది నాకు అర్థమైనట్టు మీకు చెబుతున్నా. "నేను సోమవారం, గురువారం ఉపవాసం ఉంటాను. దేవుడి కోసమంటే నాకు అర్థం కాదనుకున్నారా? అలర్జీ అన్నారని భయపడి కడిగాను. మొక్కు అనుంటే ఇష్టంగా కడిగేదాన్ని."

లేచి లోపలికెళ్ళింది. చాలా రోజుల తర్వాత మూకుడు కడుగుతున్న చప్పుడు వినపడింది. వర్ష తినడం మొదలుపెట్టేదాకా మేమెవరం స్పూన్ ముట్టుకోలేదు.

అయినా సరే, అలర్జీ వరమనే నా మాట నేను వెనక్కి తీసుకోను. లేనివాళ్ళకి అది వరమే! నిజంగా ఉన్నవాళ్ళ దగ్గర కూడా ఆ ఒక్క మాటే ఉంది. దాన్ని మనం అయిదేళ్ళపాటు ఐసుముక్కలకీ, కుర్చీలకీ వాడి అరగదీసి వాళ్ళ చేతిలో పెట్టాం.

నిన్న శనివారం వెళ్ళి, దేవుడి మొక్కండీ, గుడ్డు వద్దు అని చెప్పాను. ఆవిడ క్యాలెండర్ వంక చూడలేదు.

ఇది మీ గ్రూపులన్నిటికీ పంపించండి. రిచ్‌మండ్ హిల్ వాళ్ళకీ, రెజైనా వాళ్ళకీ కూడా. జనార్ధనరావు గారు మా గ్రూపులోంచి వెళ్ళిపోయారు, ఎవరైనా ఆయనకీ చేర్చండి. ఫార్వర్డులంటే అలర్జీ అంటారు, నమ్మకండి. ఎవరైనా పిల్ల మెల్లగా, ఒక్కసారే చెబితే మాత్రం నమ్మండి.