మామగారు ఒప్పుకున్న వైఫై

మా ఇంటి వైఫైకి మెట్లెక్కడం రాదు. కింది అంతస్తులో కుర్రాడిలా పరిగెత్తుతుంది, రెండో అంతస్తుకి ఆయాసపడుతుంది, మూడో అంతస్తుకి చతికిలపడుతుంది. నన్నడిగితే దాన్ని తప్పుపట్టను. సైగాన్ సందుల్లో ఇళ్ళన్నీ అంతే, పక్కకి జాగా లేక నిలువునా పెరిగినవే. మాది నాలుగు మీటర్ల వెడల్పు, అయిదంతస్తుల ఎత్తు. కళ్ళజోడు ఏ అంతస్తులో మర్చిపోయానో వెతుక్కోలేక పేపరు చదవడమే మానేసినవాణ్ణి నేను.

వైఫై చతికిలపడే ఆ మూడో అంతస్తులోనే మా ఆవిడ హాన్ దుకాణం. దుకాణమంటే బోర్డూ గీర్డూ ఏమీ ఉండవు. ఫోను ఒక కర్రకి తగిలించి, దాని ముందు నిలబడి, ఆడవాళ్ళు ఇంట్లో వేసుకునే పూల చొక్కా, పూల పైజమా జతలు లైవ్‌లో అమ్ముతుంది. మొదట్లో బాగానే సాగింది. ఈమధ్య సరిగ్గా ధర చెప్పే వేళకి బొమ్మ బిగుసుకుపోతోంది. నోరు తెరిచి నిలబడిపోయిన మా ఆవిడని జనం కాసేపు చూసి పక్క దుకాణానికి పోతున్నారు. పొద్దుతిరుగుడు పూల జతలు, అన్నీ పెద్ద సైజువి, గోడ పొడవునా కట్టలు కట్టలుగా ఉండిపోయాయి.

“శనివారం అమ్మకంలో ఇవి కదలకపోతే దుకాణం కట్టేసి మళ్ళీ కుట్టు ఫ్యాక్టరీకి పోవడమే” అంది ఒకరోజు. నవ్వుతూ అనలేదు.

ఆ మర్నాడే ఇరవై లక్షల డాంగ్‌లు నా చేతిలో పెట్టింది; మా దేశంలో అవి పేరుకే లక్షలు. “ఇంతకి మించి లేదు. మెష్ వైఫై అని ఉంటుందట. డబ్బాలు డబ్బాలుగా వస్తుందట, ఇల్లంతా పరుచుకుంటుందట. పోయి పట్రండి.”

“ఎన్ని డబ్బాలు?”

“అది తెలిస్తే మిమ్మల్నెందుకు పంపుతాను?”

“నాకు తెలుసని పంపుతున్నావా?”

“లేదు. నాకు పనుందని పంపుతున్నాను.”

ఇక్కడ మీకు నా మనసులో మాట ఒకటి చెప్పాలి. అయిదో అంతస్తులో పోయిన పెద్దలకి దణ్ణం పెట్టుకునే పీఠం ఉన్న గది, దాని తలుపు తీస్తే డాబా. అక్కడ నీళ్ళ ట్యాంకు, నా పిగిలిపిట్ట పంజరం, ఒక మడతకుర్చీ ఉంటాయి. ఈ భూమ్మీద నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేని జాగా అదొక్కటే. అక్కడ ఉన్న లోటల్లా ఫుట్‌బాల్. వైఫై గనక అయిదంతస్తులూ ఎక్కిందంటే ఆ లోటు కూడా తీరిపోతుంది.

సందు చివర లోక్ అని ఒకతను ఫోన్లూ వైర్లూ అమ్ముతాడు. ఏం చూపించినా “మీకని సగం ధరకే” అంటాడు కాబట్టి అందరూ అతన్ని సగంధర లోక్ అంటారు. మిగతా సగం ఎవరిస్తారో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

“అయిదో తరందా, ఆరో తరందా, ఏడో తరందా అన్నయ్యా?”

“వాటికి తేడా ఏమిటి?”

“ఏడు కొత్తది. అయిదు పాతది.”

“ఏది మంచిది?”

“మీ ఫోన్ ఏ తరందో దాన్నిబట్టి.”

నా ఫోన్ మా అత్తగారి తరంది. ఆ సంగతి చెప్పకుండా గంభీరంగా తలాడించాను. దాంతో అతనికి నాకు విషయం తెలుసన్న నమ్మకం కలిగి, ఇంకా లోతుకి దిగాడు. డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి విడిగా దారి కావాలా, మనం వాడుకునే దారిలోనే మాట్లాడుకుంటే చాలా అన్నాడు. మా ఇంట్లో ఎవరికీ విడిగా మాట్లాడుకునే వీలు లేదు, డబ్బాలకి మాత్రం ఎందుకన్నాను. యాంటెనాలు బయటికి కనిపించాలా, లోపలే ఉండాలా అన్నాడు. మా ఆవిడకి పనికొచ్చేవి ఏవో అవే ఇమ్మన్నాను. ఒక గంటసేపు ఇలా మాట్లాడుకున్నాక, లోపలికి వెళ్ళినప్పుడు నాకు తెలిసిన కాస్త కూడా పోయింది.

చివరికి డబ్బే నాకు దారి చూపించింది. మూడు డబ్బాల పెట్టె ముప్పై లక్షలు. రెండు డబ్బాలది సరిగ్గా ఇరవై.

“రెండు చాలు అన్నయ్యా. ఒకటి కింద, ఇంట్లోకి తీగ వచ్చే చోట. రెండోది ఇంటికి నడిమధ్యన, మూడో అంతస్తులో. ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకండి” అన్నాడు లోక్.

అంత గందరగోళంలోనూ నాకు శుభ్రంగా అర్థమైంది ఆ ఒక్క ముక్కే. దాన్ని ఇంటికి వెళ్ళేలోగా మర్చిపోవాలని నిర్ణయించుకున్నాను.

“రెండోది అయిదో అంతస్తులో పెట్టాలట” అన్నాను ఇంటికి రాగానే.

“దుకాణం మూడులో కదండీ ఉంది.”

“వైఫై నీళ్ళలాంటిది. మన ట్యాంకు ఎక్కడుంది? పైన. కుళాయిలెక్కడున్నాయి? కింద. పైన పోస్తే దానంతటదే దిగుతుంది.”

“మరి కింద పెట్టే డబ్బా ఎందుకు?”

“అది మోటారు.”

హాన్ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది. “లోక్ ఇదే చెప్పాడా?”

“ఇంతకన్నా వివరంగా చెప్పాడు.”

ఒక్క చిక్కుంది. పై గదిలో ప్లగ్గు ఉన్నది పీఠం పక్కనే, పోయిన మా మామగారి ఫోటో దగ్గర. ఆయన్ని అడక్కుండా అక్కడ అగ్గిపెట్టె కూడా పెట్టనివ్వదు మా అత్తగారు. అడగడమంటే మా ఇళ్ళలో పద్ధతి ఒకటే. అగరొత్తులు వెలిగించి, ప్రశ్న చెప్పి, పళ్ళెంలో రెండు పాత నాణేలు వెయ్యాలి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే సరే అన్నట్టు. రెండూ బొరుసైతే వద్దన్నట్టు. రెండూ బొమ్మైతే ఆయన నవ్వుతున్నట్టు, మళ్ళీ అడగాలి.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ పైకి వచ్చి, ఆయనకి ఇష్టమైన పాల కాఫీ ఐసు వేసి ఫోటో ముందు పెట్టింది. “ఏవయ్యా, అల్లుడు నీ పక్కన ఏదో డబ్బా పెడతానంటున్నాడు. నీకు సమ్మతమేనా?”

నాణేలు గలగలమన్నాయి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

“చూశారా అమ్మా” అన్నాను. “బతికున్నప్పుడు కూడా ఆయన నా మాట తీసెయ్యలేదు.”

“ఎందుకు తీసేస్తారు నాయనా? ఆయనా డాబా మనిషే. నేను పిలిస్తే ట్యాంకు కడుగుతున్నానని జవాబొచ్చేది. ఈ సందులో అంత శుభ్రమైన ట్యాంకు ఇంకొకటి లేదు.”

నేను డబ్బా ప్లగ్గులో పెట్టే పనిలో మునిగిపోయాను. ఆవిడ పెదవులు మాత్రమే కదిలిస్తూ ఇంకేదో అడిగి నాణేలు మళ్ళీ వేసింది. మళ్ళీ ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

“ఇప్పుడేం అడిగారమ్మా?”

“అది మా మొగుడూ పెళ్ళాల మాట.”

శనివారం సాయంత్రం హాన్ మంచి బట్టలు కట్టుకుని, పెదవులకి రంగు వేసుకుని మూడో అంతస్తులో లైవ్ మొదలుపెట్టింది. పిట్టకి నీళ్ళు మార్చొస్తానని నేను పైకి ఎక్కాను.

డాబా మీద సిగ్నల్ సంగతి ఏం చెప్పమంటారు. మెట్ల మధ్య ఖాళీలోంచి రెండు డబ్బాలూ ఒకదాన్నొకటి ఎలా అందుకున్నాయో గానీ, బంతి మీద కుట్లు కూడా కనిపిస్తున్నాయి. చొక్కా విప్పేశాను. ట్యాంకుకి కాళ్ళు తన్నిపెట్టి, ఐసు వేసిన బీరు గ్లాసు బొజ్జ మీద నిలబెట్టుకుని, గోల్‌కీపర్ని అతని వంశంతో సహా దీవిస్తూ కూర్చున్నాను. నా జీవితంలో ఏ పథకమూ అంత సాఫీగా నడవలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

కింద జరిగింది ఇది. హాన్ మొదటి జత ఎత్తి చూపించి ధర చెప్పబోయేసరికి బొమ్మ బిగుసుకుంది. కింది డబ్బా రెండంతస్తులు దూరం, పై డబ్బా రెండంతస్తులు దూరం. ఎవరి దగ్గరికి పోవాలో తెలియక ఫోను తికమకపడుతోంది. చేసేది లేక ఆవిడ ఫోను చేత్తో పట్టుకుని నాలుగుకి ఎక్కితే కాస్త కదిలింది. అయిదుకి ఎక్కితే గలగలా పారింది. తండ్రి ఫోటో ఎదురుగా పైజమాలు అమ్మడం బాగుండదని తలుపు తోసుకుని డాబా మీదికి వచ్చింది.

“పిట్టకి నీళ్ళు మారుస్తున్నారా?”

“మార్చేశాను. ఇప్పుడు దానికి మ్యాచ్ చూపిస్తున్నాను.”

“ఇక్కడ సిగ్నల్ భలేగా ఉందే.”

“పైన పోస్తున్నాం కదా. ఇక్కణ్ణించే దిగుతుంది.”

“దిగుతున్నట్టు లేదు. డాబా మీదే మడుగు కట్టింది.”

అప్పుడు చూశాను, ఆవిడ చేతిలోని ఫోను నావైపే తిరిగి ఉంది. దాని మీద జనం రాతలు చీమల బారులా పోతున్నాయి. ఆయనెవరు అని ఒకావిడ. ఆ గ్లాసు ఎలా నిలబడింది అని ఇంకొకావిడ. ఆ బొజ్జకి సరిపోయే సైజు మీ దగ్గరుందా అని మూడో ఆవిడ.

హాన్ ముఖంలో కోపం మెల్లగా పోయి వ్యాపారం వచ్చింది. “ఉంది అక్కా. పొద్దుతిరుగుడు పూలది. ఎంతటివారికైనా సరిపోతుంది.”

ఆయన వేసుకుని చూపిస్తే రెండు జతలు తీసుకుంటానని ఆవిడ రాసింది.

“నేను వేసుకోను” అన్నాను.

“సరే. నీళ్ళూ మోటారూ సంగతి లోక్‌కి ఫోన్ చేసి అడగనా? లైవ్‌లోనే?”

నేను వేసుకున్నాను.

మందులకి కూడా నన్నే కిందికి పంపే మా అత్తగారు, మూడో అంతస్తు నుంచి ఒక కట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వెనక్కి తిరగమన్నారు, తిరిగాను. కూర్చుంటే చిరగదా అంటే కూర్చున్నాను. చేతులెత్తి బట్టలారేస్తే చంకలో పట్టేస్తుందా అని ఎవరో మహాతల్లి అడిగితే, తడిబట్టలు తెచ్చి మరీ ఆరేయించారు. పంజరంలో నా పిట్ట, ఇన్నాళ్ళూ నేను బతిమాలినా కూయనిది, గొంతెత్తి పాడింది. మ్యాచ్ ఎవరు గెలిచారో నాకు ఈనాటికీ తెలియదు.

చీకటి పడేసరికి గోడ పొడవునా ఉన్న కట్టల్లో ఒక్కటీ మిగల్లేదు. హాన్ మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఫ్యాక్టరీ మాట మళ్ళీ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, ఆ పూల చొక్కా అంచుతో నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడే హాన్ లోక్ దగ్గర మూడో డబ్బా కొనుక్కొచ్చింది. ఇక అది మూడో అంతస్తుకి, ఆవిడా మూడో అంతస్తుకి, డాబా నాకు అనుకున్నాను. ఆవిడ దాన్ని తిన్నగా డాబా మీదికి పట్టుకెళ్ళి నా కుర్చీ పక్కన బిగించింది.

“ఇక్కడెందుకే? దుకాణం మూడులో కదా.”

“దుకాణం ఇప్పుడు పైకి వచ్చేసిందండీ. పైన పోస్తే అదే దిగుతుందిగా.”

రంగు దీపాలు వచ్చాయి, బట్టల కొయ్యలు వచ్చాయి. నా మడతకుర్చీ ఇప్పుడు హాన్‌ది. రోజూ సాయంత్రం నేను పూల జతతో ట్యాంకు పక్కన నిలబడాలి. జనం నాకు ట్యాంకు బాబాయ్ అని పేరు కూడా పెట్టారు.

ఆ మధ్య అత్తగారిని పట్టుకున్నాను. “ఆ రోజు రెండోసారి ఏం అడిగారమ్మా?”

“అల్లుణ్ణి డాబా మీదే పెట్టి దుకాణం నడిపితే కలిసొస్తుందా అని అడిగాను నాయనా. డబ్బా పైన ఎందుకు పెట్టమంటున్నావో నీ మామకీ నాకూ తెలియదూ? ఆయన వెంటనే సరేనన్నారు.”

నిన్న సాయంత్రం ఎవరూ చూడకుండా పై గదిలోకి వెళ్ళాను. ఐసు వేసిన పాల కాఫీ పెట్టి, అగరొత్తులు వెలిగించి, పూల పైజమాతోనే మోకరిల్లాను. “మామగారూ, మీరూ డాబా మనిషే. నా డాబా నాకు తిరిగొస్తుందా?”

రెండూ బొమ్మే పడ్డాయి. మళ్ళీ వేశాను. మళ్ళీ రెండూ బొమ్మే.

మూడోసారి వేస్తుంటే డాబా మీంచి హాన్ కేకేసింది. “ఏవండీ, అక్కయ్యలు ఎదురుచూస్తున్నారు. కాలరు సరిచేసుకుని రండి.”

పళ్ళెంలోకి చూశాను. మామగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కాలరు సరిచేసుకుని వెళ్ళాను.