పదివేల ఒకటో టైలు

టైల్స్ మేస్త్రీకి పదిహేనేళ్లుగా తిన్నది ఒంటబట్టకపోవడానికి కారణం ఒక్కడే. చిన్న తోడల్లుడు, లెక్కల మాస్టారు. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్లు. అయినా మామగారికి మాస్టారు "చిన్నల్లుడుగారు", మేస్త్రీ "ఏవయ్యా". వాడికి చేతుల కుర్చీ, ఇతనికి స్టూలు.

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. మామగారు స్టోర్ కీపరుగా రిటైరైన మనిషి, వంకర మేకు కూడా పారేయడు. యాభై అడుగుల చదరం ఖాళీ స్థలంలో గచ్చు వేయించడానికి ఎక్కడో మిగిలిపోయిన అరడుగు టైల్స్ అన్నీ ఊడ్చుకొచ్చాడు. లెక్కపెడితే పదివేల ఒకటి. పక్క స్థలం మేస్త్రీది. కష్టపడి కొన్నది, ఎప్పటికైనా సొంత దుకాణం కట్టాలని దాచుకున్నది.

"నూరు వరసలు, వరసకి నూరు. ఒకటి మిగుల్తుంది," అన్నాడు మేస్త్రీ.

"మిగలడానికి వీల్లేదయ్యా. చిన్నల్లుడుగారూ, మీరేమంటారు?"

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. "రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు... దేనికీ లొంగట్లేదు మామయ్యగారూ. ఇది ప్రధాన సంఖ్య. ఎన్ని సమాన వరసలుగా పేర్చినా ఎంతో కొంత మిగలాల్సిందే."

"అదీ చదువంటే!" మామగారు మురిసిపోయాడు. మేస్త్రీ చెప్పిందీ మిగులుతుందనే. అప్పుడెవరూ మురవలేదు.

మేస్త్రీకి ఒళ్లు మండింది. "ఒక్కటీ కొయ్యను, ఒక్కటీ మిగల్చను. మీరు పదిహేను రోజులు మీ చిన్నల్లుడి ఇంట్లో ఉండి రండి, చూపిస్తా!"

అయిదో తరగతితో బడి మానేసిన మనిషి, కాగితాన్ని నమ్మడు. టైల్స్‌నే కుప్పలు పోశాడు. పదిహేడేసి పెడితే అయిదు మిగిలాయి. పంతొమ్మిదేసి పెడితే ఏడు.

"ఏవండీ, ఒప్పుకున్న బాత్రూం వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు," అంది భార్య.

"వాడి పొగరు దించడం కంటే బాత్రూం ముఖ్యమా?"

"పొగరు ఆయనదా, మీదా?"

డెబ్బై ఒకటేసి పెడితే అరవై ఒకటి మిగిలాయి. అయిదో రోజు డెబ్బై మూడేసి పెట్టాడు. నూట ముప్పై ఏడు కుప్పలు. ఏమీ మిగల్లేదు. అనుమానమొచ్చి కుప్పల సందుల్లో వెతికాడు. నిజంగానే లేదు.

కూలీలను పెట్టి అలాగే పరిచాడు. వెడల్పు డెబ్బై మూడు, పొడవు నూట ముప్పై ఏడు. పొడవు మామగారి హద్దు దాటి తన స్థలంలోకి పోయింది. అడ్డొచ్చిన హద్దురాయిని తానే పీకేశాడు. మాస్టారు ఒక టైలు జేబులో వేసుకుని లెక్క తప్పిస్తాడేమోనని అన్నిటినీ సిమెంటుతో గట్టిగా బిగించాడు.

గడువు నాటికి మామగారిని వెంటబెట్టుకుని మాస్టారు వచ్చి వరసలు లెక్కపెట్టాడు. "నాదే తప్పు అన్నయ్యగారూ. పదమూడు దగ్గర ఆపేశాను," అని చేతులు జోడించాడు.

మామగారికి కళ్లనీళ్లొచ్చాయి. "చూశావుటయ్యా! తప్పు ఒప్పుకోవాలంటే ఎంత సంస్కారం ఉండాలి!"

"గెలిచింది నేను మామయ్యగారూ!"

"కాదన్నానా? నీ స్థలం కూడా కలిపావు, మంచి మనసు. ఇప్పుడు పీకితే టైల్స్ పగుల్తాయి, ఉండనీ. ఇటుపక్క నా స్థలంలో పదమూడున్నర అడుగులు మిగిలిందిగా, చిన్నల్లుడుగారు ట్యూషన్ షెడ్డు వేసుకుంటారు."

అన్నమాట ప్రకారం మేస్త్రీ ఒక్క టైలూ మిగల్చలేదు. పోయింది మాత్రం పద్దెనిమిదున్నర అడుగుల పొడవు, ముప్పై ఆరున్నర అడుగుల వెడల్పు, వెరసి ఆరువందల డెబ్బై అయిదుంబావు చదరపు అడుగుల సొంత నేల.