జీలుగువలస విమానాశ్రయం: స్థాపన, అభివృద్ధి

జీలుగువలస విమానాశ్రయానికి రెండేళ్ల చరిత్ర ఉంది. విమానాశ్రయం లేదు. చరిత్రకు అది అడ్డు రాలేదు.

గజపతినగరానికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఈ గ్రామంలో, 1967 ఎన్నికలకు పందొమ్మిది రోజుల ముందు, ఒక మంత్రిగారు విమానాశ్రయానికి శంకుస్థాపన చేశారు. గోతిలో నవధాన్యాలు వేశారు. మీద రాయి పెట్టారు. ఇక్కడ విమానం ఎక్కినవాడు మర్నాడు లండనులో కాఫీ తాగుతాడని ప్రకటించారు. ఊరికి రోడ్డు లేనందున మంత్రిగారు ఎడ్లబండి మీద రెండున్నర గంటలు ప్రయాణించి వచ్చారు. అదే బండి మీద తిరిగి వెళ్లారు. తర్వాత ఎవరూ రాలేదు.

ఏడాది గడిచింది. రాయి చుట్టూ తుమ్మ మొలిచింది. మంత్రిగారికి దండ వేసినవాడు పంచాయతీ ప్రెసిడెంటు నరసింగరావు. ధర్మారావు కాఫీ హోటలు ముందు నుంచి ఆయన నడవడం కష్టమైంది.

"ప్రెసిడెంటు బావా, విమానం ఎన్నింటికి?"

"లేటంట్రా. ఎద్దులు మేతకెళ్లినాయంట," అని ఇంకో బల్ల నుంచి జవాబు.

నెల రోజులు విన్నాక నరసింగరావు ఒక ఉదయం హోటలులోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"కట్టీసినారు."

"ఎక్కడ?"

ఆయన వేలు కిందికి చూపించారు.

ప్రకటనలో లోపం లేదు. చైనా యుద్ధం జరిగి ఆరేళ్లు. పాకిస్తాను యుద్ధం జరిగి మూడేళ్లు. పైన కడితే శత్రువుకు కనిపిస్తుంది. కింద కడితే కనిపించదు. జీలుగువలసలో విమానాశ్రయం ఎవరికీ కనిపించలేదు కనుక కిందనే కట్టినట్టు రుజువైంది. ఇది దేశరహస్యమని, ఎవరికీ చెప్పవద్దని ప్రెసిడెంటు కోరారు. సాయంత్రానికి రామతీర్థం దాకా తెలిసింది.

సాక్ష్యాలు వాటంతట అవే వచ్చాయి. వాన పడకుండా ఉరిమితే విమానం దిగినట్టు. ఎండలో కాళ్లు కాలితే ఇంజను వేడి. పొలం గట్లలో ఎలుక కన్నాలు గాలిగొట్టాలని తేలింది. వాటిని పూడ్చరాదని పంచాయతీ తీర్మానించింది. ఆ ఏడు వరిలో మూడో వంతు ఎలుకలు తిన్నాయి. రైతులు దానిని దేశరక్షణలో తమ వంతుగా స్వీకరించారు. ధర్మారావు హోటలుకు 'ఎయిర్‌పోర్టు విలాస్' అని బోర్డు రాయించి, ఇడ్లీ సైజు తగ్గించాడు. విమానాలు పైకి ఎక్కడినుంచి వస్తాయన్న విషయంలో ఊరు రెండు పక్షాలైంది. రామతీర్థం కొండ పగులులోంచి అని ఒకరు, సముద్రంలోంచి అని ఇంకొకరు. ఈ రెండు పక్షాల మధ్య పెళ్లి సంబంధాలు ఆగాయి. విమానాశ్రయం లేదన్న బడి మాస్టారు గూఢచారి అని తేలింది. గూఢచారి కానివాడికి నల్లకళ్లద్దాలు ఎందుకని అడిగితే ఆయన కంటి ఆపరేషను సంగతి చెప్పారు. సభ దానిని నమ్మలేదు.

ఇంతలో దాలమ్మ నూయి ఎండింది.

దాలమ్మకు డెబ్బై సెంట్ల మెట్ట, అందులో వంగతోట. వంకాయలు గజపతినగరం సంతలో అమ్ముకుంటేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నూయి నాలుగు అడుగులు దించితే నీరు పడుతుందని, నూతులు తవ్వే అప్పలసూరిని పిలిచింది. అతను పలుగుతో వచ్చి గట్టు మీద ఆగిపోయాడు. వెనకాలే ప్రెసిడెంటు వచ్చారు.

"ఏటప్పా, పలుగు దించుతావేటి? కింద విమానాలు ఉన్నాయి. కప్పు కూలిపోద్ది."

"నా నూతికింద నీ విమానాలు ఏటి బాబూ? నా వంగమొక్కలు సచ్చిపోతన్నాయి."

"దేశం ముక్కెమా, వంకాయ ముక్కెమా?"

"దేశం వంకాయ తినదేటి?"

కింద ఏమీ లేదని గజపతినగరం తాలూకా కచేరీ నుంచి కాగితం తెస్తే తవ్వవచ్చని ప్రెసిడెంటు తీర్పు చెప్పారు. దాలమ్మ నడిచి వెళ్లింది. గుమస్తా జగన్నాధం ఆమె చెప్పింది విని, మూడు బీరువాలు వెతికి, సంతకంతో కాగితం ఇచ్చాడు: "జీలుగువలస గ్రామమున భూమి కింద విమానాశ్రయము ఉన్నట్లు గాని, లేనట్లు గాని ఈ కార్యాలయపు రికార్డులలో లేదు."

పంచాయతీ ఆఫీసు అరుగు మీద నరసింగరావు దానిని చదివి వినిపించారు.

"సోదర సోదరీమణులారా! లేదని రాయడానికి కచేరీకి చెయ్యి రాలేదు. ఏల రాలేదు? ఉన్నది గనుక! నేడు జీలుగువలస ప్రపంచ పటంలో లేదు. అదియే మన ఘనత. ఉంటే శత్రువు చూసును!"

చప్పట్లు తగ్గేదాకా దాలమ్మ ఆగింది.

"నిజమే బాబూ. కింద విమానాలు ఉన్నాయి. మరి పనోళ్లు కూడా ఉంటారు గదా?"

"ఉంటారు."

"ఆళ్లు తాగేది ఏటి?"

ఇది ఎవరికీ తట్టలేదు.

"మన ఊరు కింద పనిసేసి, గుక్కెడు నీళ్లు లేక ఆళ్లు సచ్చిపోతే, రేపు మంత్రి వచ్చి అడుగుతాడు. దండ ఏసినోడు ఏటి సెప్తాడు?"

జనం నరసింగరావు వైపు చూశారు. ఆయన అరుగు మీదే శ్రమదానం ప్రకటించారు.

మర్నాడు నలభైమంది వచ్చారు. మొదటి పలుగు ప్రెసిడెంటు వేశారు. అప్పలసూరి అడుగుకొకసారి పని ఆపి, నేలకు చెవి ఆనించి, "బాబూ, ఎవులైనా ఉన్నారా? పక్కకి తప్పుకోండి!" అని కేక వేశాడు. ఎవరూ పలకలేదు. రహస్యాన్ని అంత కట్టుగా కాపాడుతున్నందుకు కిందివారిని పైవారు మెచ్చుకున్నారు. నాలుగో అడుగులో ఊట పడింది. విమానాశ్రయం కుళాయి తగిలిందని నిర్ధారణ అయింది. దాలమ్మ మొదటి బిందె వంగమొక్కలకు పోసింది. కిందికి ఇంకుతుంది గదా, పనివాళ్లకు అందుతుందని చెప్పింది. సభ అంగీకరించింది.

మా పత్రిక విచారణ జరిపి, 'జీలుగువలసలో విమానాశ్రయం లేదు' అని నాలుగో పేజీలో ప్రచురించింది. ఆ ముక్క ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో అద్దం కట్టించి ఉంది. కింద రాశారు: 'ప్రభుత్వం ఎంత దాస్తున్నదో చూడుడు.'

నిజం చెప్పమని దాలమ్మను విడిగా అడిగాం.

"ఉన్నాది బాబూ," అంది. "నేదంటే రేపు నా నూయి ఎవులు బాగు సేస్తారు?" వీసెడు వంకాయలు పొట్లం కట్టి ఇచ్చింది. పొట్లం మా నాలుగో పేజీ.

పొరుగూళ్లో కిందటి నెల ఆస్పత్రి శంకుస్థాపన జరిగింది. ఆ పని పూర్తయినట్టు ఈ వారం తెలిసింది. పాఠకులు తమ ఊరి సంగతి కూడా చూసుకోవాలి. రాయి పడిన ఆస్పత్రి మీకు కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు. మెల్లగా నడవండి. కింద రోగులు ఉంటారు.