ఎర్ర రంగు కింద చెయ్యి

"లోపలున్నదాన్ని అలాగే ఉంచి పైన పూసేస్తే అది ఊరుకోదండీ. ఎందుకో నాకు భయంగా ఉంది," అంది గాబరమ్మ, రంగు డబ్బా మూత ఇంకా తీయకముందే.

ఆ పేరు ఆమెకు మొగుడు పెట్టిందే. పొయ్యి వెలిగించే ముందు పారిపోవడానికి వీధి తలుపు తీసి పెట్టుకునే మనిషి. కొడుకు తుమ్మితే ఆసుపత్రికి దగ్గరి దారి ఏదా అని ఆలోచించే మనిషి. అందుకని ఆమె భయాలను ఆ ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పాత ట్రాక్టరు షెడ్డులో నిలబడి ఉంది. ఒకప్పటి ఎరుపు వెలిసిపోయి, పెచ్చులు లేచి, దీపాల గుంతల్లోంచి ముగ్గురినీ చూస్తున్నట్టుంది. మధ్యాహ్నానికల్లా రంగు పూయడం, సాయంత్రానికి ఆరబెట్టడం, మర్నాడు పొలానికి తోలడం. ఇదీ మొగుడు వేసుకున్న పథకం.

"అమ్మ చెప్పిందీ నిజమే నాన్నా. గరుకు కాగితంతో ఒకసారి గీకేసి..." అన్నాడు కొడుకు.

"గీకడం అనే మాట ఈ షెడ్డులో ఎత్తకు!" తండ్రి కస్సుమన్నాడు. కొడుకు బిత్తరపోయి బ్రష్షు అందుకున్నాడు.

తొందరగా ఆరుతుందని ఆయన రంగులో థిన్నరు ధారాళంగా పోశాడు. ఘాటుకు కళ్ళు మండాయి. గాబరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. వచ్చాక గాని ఆమెకు తెలియలేదు, పొద్దుటి నుంచి తనకు ఏదో తక్కువైనట్టు ఎందుకుందో.

గోడ అవతల దగ్గు లేదు.

గోడ అవతల ఉండేది బావగారు, మొగుడి సొంత అన్నయ్య. ఒంటరి మనిషి. కొడుకు పుట్టిన ఏడు అన్నదమ్ములిద్దరూ ఆ షెడ్డులోనే పోట్లాడుకున్నారు. గాబరమ్మ పసివాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వచ్చేసరికి రెండిళ్ళ మధ్య గోడ లేచి ఉంది. దేనికని అడిగితే మొగుడు పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ అడగలేదు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఈమధ్య బావగారికి దగ్గు పట్టుకుంది. తెల్లారగానే అటు నుంచి ఖళ్ళుమని దగ్గు వినబడితే, ఆయన బతికే ఉన్నాడని గాబరమ్మ ఇటు స్తిమితపడేది. నిన్న సాయంత్రం మనసాగక, మొగుడి కంట పడకుండా దగ్గు మందు సీసా ఒకటి గోడ మీద పెట్టి వచ్చింది. పొద్దున చూస్తే సీసా లేదు.

చెంచా పెట్టలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఎంత తాగాలో ఎవరు చెప్పారు ఆయనకు? సీసా మొత్తం ఎత్తేశాడేమో.

"అమ్మా! ఒకసారి రా!" షెడ్డులోంచి కొడుకు గొంతు సన్నగా వచ్చింది.

వెళ్ళి చూసేసరికి ట్రాక్టరు ఇంజను రేకు మూత మీద కొత్త ఎరుపు ముడతలు పడుతోంది. ముసలివాళ్ళ ఒంటి మీద చర్మంలా మెల్లగా లేచి, నలిగి, చిటచిటమంటోంది. గాలి లేదు. ఎవరూ ముట్టుకోలేదు. రంగు తన కింది వెలిసిన పొరను కూడా లేపుకుంటూ, తనంతట తాను పక్కకు జరుగుతోంది. జరిగిన చోట, కింద ఉన్న ముదురు ఎరుపులో, ఒక అరచెయ్యి.

నాలుగు వేళ్ళు నిండుగా ఉన్నాయి. ఉంగరపు వేలు సగమే ఉంది.

వయసులో ఉండగా బావగారి ఉంగరపు వేలు ఈ ట్రాక్టరు ఫ్యాను బెల్టులోనే సగం పోయింది. ఊళ్ళో అలాంటి చెయ్యి ఇంకొకటి లేదు.

"ఏవండీ, అది..."

"ఏం లేదు," అన్నాడాయన. గబగబా ఇంకో పూత వేశాడు. చెయ్యి మాయమైంది. ముగ్గురూ చూస్తుండగానే ఎరుపు మళ్ళీ ముడుచుకుంది. మొదట బొటనవేలు వచ్చింది, తర్వాత మిగతావి.

"కడిగేస్తా దీన్ని!" అని ఆయన పక్కనున్న బకెట్టు నీళ్ళు ఎత్తి కుమ్మరించాడు. నీళ్ళు ఏ తీగలోకి దూరాయో ఏమో, ట్రాక్టరు హారన్ అందుకుంది. గాయపడ్డ పశువు మూలిగినట్టు, ఆగకుండా. కొడుకు పడుతూ లేస్తూ పోయి బ్యాటరీ తీగ పీకేశాడు.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. మామూలుగా కుక్క మొరిగినా బావగారు లేచి దగ్గుతాడు. ఇంత మోతకు కూడా గోడ అవతల అలికిడి లేదు.

"బావగారు... చెయ్యి... ట్రాక్టరు..." అంటూ గాబరమ్మ వీధిలోకి పరిగెత్తింది. హారన్ విని వచ్చిన టైలరు ఎదురుపడ్డాడు. ఆ మూడు ముక్కలూ కలిపి కుట్టి, పెద్దాయన చెయ్యి ట్రాక్టరు కింద పడిందని పక్కింట్లో చెప్పాడు. వీధి మలుపు దాటేసరికి చెయ్యి కాస్తా మనిషయింది. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. ఎవరో వడ్రంగిని లాక్కొచ్చారు.

అందరూ బావగారి గుమ్మం ముందు చేరారు. తలుపు లోపల గడియ వేసి ఉంది.

"ట్రాక్టరు కింద పడ్డ మనిషి లోపలికెళ్ళి గడియ ఎలా పెట్టుకున్నాడయ్యా?" అన్నాడు వడ్రంగి.

"అదంతా తర్వాత. ముందు నీ ఉలి తియ్యి," అన్నాడు టైలరు, కొంచెం తగ్గి.

"బావగారూ!" అని పిలిచింది గాబరమ్మ. జవాబు లేదు. ఆమె గుమ్మం మీద కూలబడింది. "నేనే చంపేశానండీ. దగ్గు మందు ఇచ్చి చెంచా ఇవ్వలేదు. అందుకే వచ్చి చెయ్యి చూపించి వెళ్ళారు."

మొగుడు ఆమె వంక తెల్లబోయి చూశాడు. "నువ్వు మందిచ్చావా? వీడికా?"

"మీరిద్దరూ మాట్లాడుకోరు. దగ్గు వినేది నేను కదా!"

వడ్రంగి ఉలి తలుపు సందులో పెట్టాడు. వీధి చివర అంబులెన్సు మోత వినిపిస్తోంది. మొగుడు వడ్రంగిని పక్కకు జరిపి, ఎర్ర రంగు అంటిన చెయ్యి తలుపుకు ఆనించాడు.

"అన్నయ్యా."

ఆ మాట తండ్రి నోట కొడుకు వినడం పుట్టిన దగ్గర్నుంచీ అదే మొదటిసారి.

లోపల చడీచప్పుడూ లేదు. టైలరు టోపీ తీసేశాడు. గాబరమ్మ ఏడవడం కూడా మరిచిపోయి తలుపు వంకే చూస్తోంది. స్ట్రెచరు మోసుకొచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

అప్పుడు తలుపుకు సరిగ్గా అవతలి పక్క కుర్చీ కిర్రుమంది.

"అమ్మాయిని ఏడవొద్దను. మందు మంచిదే, దగ్గు పోయింది," అంది నిద్రమత్తు వదిలిన గొంతు. "హారన్ మోగినప్పుడే లేచాను. నువ్వు పిలుస్తావో లేదో చూద్దామని కూర్చున్నా. అయినా మనం పోట్లాడుకున్న రోజు తడి రంగు మీద చెయ్యేసి కొట్టి మరీ చెప్పాను కదరా, పాత రంగు గీకకుండా కొత్తది పూయొద్దని!"